గోదావరి మగ్గము - విదేశ వర్తకము

ద్రాక్షారామమనగానే భీమేశ్వరస్వామివారి ఆలయము మన తలంపునకు వచ్చును. కాని 17వ శతాబ్దిలో ఈ గ్రామము పేరు ఐరోపా వర్తకుల లెక్కలలోను వ్రాయబడుచుండెను. 1605లో మచిలీపట్టణమున కోఠీ పెట్టిన డచ్చివారు పిమ్మట పాలకొల్లునందును, ద్రాక్షారామమునందును కోఠీలు నెలకొల్పిరి. వారిని ఇచ్చటికి రప్పించినది మన సాలెవారి, దేవాంగుల మగ్గమే.

ఆ బేరము నడచిన తీరు వినదగినది. జావా, మొలక్కా దీవులవారు తమ మిరియములకు, లవంగములకు, జాజికాయలకు మారుగా మన గుడ్డను మిక్కిలి మక్కువతో పుచ్చుకొనెడివారు. డచ్చివారు ఇచ్చట గుడ్డ కొని, అచ్చట సుగంధద్రవ్యములకు మార్చి, వానిని ఐరోపాలో అమ్మి లాభము గడించిరి. ఇంగ్లీషువారు నరసాపురము చెంత మాధవాయపాలెమునందును, 1708లో ఇంజరమునందును, ఆ పిమ్మట ఫ్రెంచివారు యానామునందును కోఠీలు పెట్టి గుడ్డ వర్తకము సాగించిరి.

దూరదేశమునకు పోవు సరకు ఒక్క తీరుగ నుండవలెను. గుడ్డ నాణ్యమును పుంజములతో లెక్కించెడివారు. పుంజమనగా 120 పడుగు పోగులు. 14 పుంజముల గుడ్డకు 1,680 పోగులు. 40 పుంజముల సన్నబట్టకు 4,800 పోగులు. కోఠీలో ప్రతి తానును మచ్చు గుడ్డతో సరిచూచి, కొలిచి, లోపమున్న దానిని త్రిప్పి పంపెడివారు. ఇందువలన నేతగాని పని మరింత నిలుకడ పొందెననుట నిజమే. అయినను ఆ నేర్పు కోఠీ ఇచ్చినది కాదు. నేర్పున్న చోటికే కోఠీ వచ్చినది.

కొనువారు పలువురున్నంత కాలము, ఒకరు ధర తగ్గించిన వేరొకరి గుమ్మము త్రొక్కుటకు నేతగానికి వీలుండెను. 1765-66 సంవత్సరములలో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. అంతట కొనువాడే ఏలువాడాయెను. బయానా తీరువరకు పరులకు నేయరాదన్న నిర్బంధము, మగ్గములయొద్ద బంట్రోతుల కావలి ఏర్పడెను. నేతపనివారు కట్టుగానిలిచి మొరపెట్టుకొనిన సందర్భములును గలవు.

ఇంతటి వర్తకము సాగినను మన రాట్నము, మగ్గము తాతలనాటివిగనే నిలిచినవి. లాభము ఓడలెక్కి పోయెను. పనిముట్టు బాగుచేసికొనుటకు పనివానియొద్ద మిగిలినది స్వల్పము. ఒక్క మగ్గమునకు నూలందించుటకు పలువురు స్త్రీలు దినమంతయు వడకవలసి యుండెను. ఇంగ్లాండులోనో, 1769లో ఆర్క్‌రైటు, 1779లో క్రాంప్టను కల్పించిన యంత్రములు ఒక్క పనివానిచేత పెక్కు కదురులను నడిపించెను. 1813లో భారతదేశపు వర్తకము ఇతర ఆంగ్ల వర్తకులకును తెరువబడగా మిల్లు గుడ్డ వెల్లువయై వచ్చెను. 1833 నాటి శాసనముతో కంపెనీ వర్తకమునే విడిచెను. డచ్చివారు అంతకుముందే, 1825లో, ఈ తీరమును వీడియుండిరి.

తుదకు మాధవాయపాలెము పేరుననే "మాదపొల్లము" అను గుడ్డను లాంకషైరు మిల్లులు నేసి లోకమంతట అమ్మినవి. పేరు మనది, పని వారిది, లాభము వారిది.

2009లో ఉప్పాడ జమ్దానీ చీరలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు ఈ రక్షణ ఆనాడు లేకపోయెను. అది సంతోషమే. కాని పూర్వకథ చెప్పు పాఠము వేరొకటి గలదు. పరదేశపు గిరాకీ పనిని పెంచగలదు. ఆ రాబడిలో కొంత మగ్గమునకు, నేయు చేతికి తిరిగి చేరినగాని ఆ పని నిలువదు. మన గ్రామములందలి పెద్దలు చీర వెల నడుగునపుడు, అందులో నేసినవానికి ముట్టునదెంతయో కూడ అడిగి తెలిసికొందురుగాక.