డోర్నకల్‌లో మే నెల

మొదటి క్యాంపులో నా పని గుండిగలు కడగడం. ఇంటర్ తప్పి, ఇంట్లో ఎవరి ముఖమూ చూడలేక తిరుగుతున్న రోజులవి. మా పాస్టరేట్ అయ్యగారు ఇంటికొచ్చి, "పిల్లల క్యాంపుకు రారాదూ, వంట దగ్గర మనుషులు తక్కువున్నారు" అన్నారు. వాక్యం చెప్పమనలేదు, సాక్ష్యం ఇమ్మనలేదు. అందుకే వెళ్ళాను.

సెలవులకు ఖాళీ అయిన బడిలో క్యాంపు. పొద్దున్నే బోరింగు దగ్గర బకెట్ల వరస. ఎండెక్కి రేకులు కాలేసరికి పిల్లలంతా వేపచెట్ల కిందికి చేరేవాళ్ళు, పాటలన్నీ అక్కడే. రాత్రి వరండాలో జంపఖానాలు పరిచి వరసగా పడుకునేవాళ్ళం.

మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఆరో తరగతి పిల్లాడొకడు లేచి కూర్చుని ఉన్నాడు. దుప్పటి తడిసింది. ఇల్లు విడిచి రావడం వాడికదే మొదటిసారి. నేనేమీ అడగకుండా దుప్పటి తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళాను, వాడు నా వెనకే వచ్చాడు. నేను సబ్బు పెడుతుంటే వాడు బోరింగు కొట్టాడు. "అన్నా, ఎవ్వరికీ చెప్పకు. రేపు గిట్ల కాకుండ ప్రార్థన చెయ్యవా?" అన్నాడు.

పుట్టినప్పటి నుంచీ గుడికి వెళ్తున్నవాణ్ణి. ఆరాధన క్రమం పుస్తకం చూడకుండా చెప్పగలను. కానీ నా సొంత మాటల్తో, పైకి వినబడేలా, ఒక్కసారి కూడా ప్రార్థించలేదు. చేతుల నిండా నురగ. అలాగే కళ్ళు మూసుకున్నాను. రెండు మాటలే వచ్చాయి. మొదటిది వాడి గురించి, రెండోది నా గురించి. దుప్పటి పిండి వంటశాల వెనక తీగ మీద ఆరేశాం. అందరూ లేచేసరికి సగం ఆరింది.

నా విశ్వాసం ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే ఆ బోరింగు గట్టే చూపిస్తాను.

మన సి.ఎస్.ఐ. సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఏర్పడిన తీరు ఈ జూబిలీ సంచికలో పెద్దలు రాస్తారు. ఆ ఐక్యతకు పునాది పడింది కూడా ఒక మే నెలలోనే అని మాత్రం గుర్తు చేస్తాను. 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది దైవసేవకులు కూడి, సంఘాలుగా చీలి ఉండటం ఇక చాలనుకున్నారు. వాళ్ళను కూడగట్టడంలో ముందున్నవారు డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు, ఐక్యతను కళ్ళారా చూడలేదు.

అజరయ్య గారి దారి కూడా కుర్రాళ్ళ మధ్య పనితోనే మొదలైంది. 1844లో లండన్ బట్టల దుకాణంలో పనిచేసే 22 ఏళ్ళ జార్జి విలియమ్స్ తోటి పనివాళ్ళ కోసం వై.ఎం.సి.ఎ. ప్రారంభించాడు. తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన అజరయ్య గారు 1895లో, ఇరవయ్యేళ్ళు దాటుతుండగా, దాంట్లోనే కార్యదర్శిగా చేరి ఊరూరా విద్యార్థుల దగ్గరికి తిరిగారు. 1902లో ఆ పని మీదే జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో సముద్రం దాటించి ఇండియాకు సువార్తికులను పంపుతున్నారని తెలిసింది. మరి మనం ఎవరికి పంపుతున్నాం అన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. మరుసటి ఏడే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. వాళ్ళు ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని మన డోర్నకల్ ప్రాంతం. ఇతరులను పంపిన మనిషి ఊరుకోలేక 1909లో తనే వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో ఆయనే మొదటి బిషప్.

నాకు ఇందులో అభిషేకం కంటే జాఫ్నా ప్రయాణమే ఎక్కువ విలువైనది. పిలుపు కోసం కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు కాదు, ఎవరి పిల్లల కోసమో తిరుగుతున్నప్పుడు ఆయనకది అందింది. మన క్యాంపుల్లో ఎందరో అన్నలకు, అక్కలకు జరిగిందీ అదే. రాత్రి జ్వరమొచ్చిన పిల్లకు తడిగుడ్డ వేస్తూ నర్సింగు చదవాలని నిశ్చయించుకున్న అక్క నాకు తెలుసు. వంటశాలలో ఉల్లిపాయలు తరుగుతూ సెమినరీకి వెళ్తానన్న అన్న ఈ రోజు గుడిలో బల్ల ఇస్తున్నారు. వీళ్ళ పేర్లు మినిట్స్ పుస్తకాల్లో ఎక్కడా లేవు. ఈ జూబిలీలోనైనా మనం కూర్చుని, వంటవాళ్ళతో సహా, ఆ జాబితా రాసుకోవాలని నా మనవి. అడిగి చెప్పించుకోవడానికి పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు.

తర్వాత ఇంటర్ పాసయ్యాను, డిగ్రీ చేశాను. ఇప్పుడు హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్నాను. ఏటా మేలో సెలవు పెట్టి క్యాంపుకు వెళ్తాను. ఈమధ్య వాక్యం చెప్పమంటున్నారు, చెప్తున్నాను. సంచిలో మాత్రం బైబిలు కింద రెండు దుప్పట్లు అదనంగా పెట్టుకుంటాను. నాలుగింటికే లేస్తాను.