ద్విచక్ర వాహనాలకు ఇంధన సంకలితాలు: సీసా ఖర్చుకు తగిన ఫలితం ఉందా?

సూరత్: మరమగ్గాల నగరమైన సూరత్‌లో లింబాయత్ తదితర ప్రాంతాలు తెలుగు కుటుంబాలకు దశాబ్దాలుగా నివాసం. తెలంగాణ జిల్లాల నుంచి నేత పని కోసం తరలివచ్చిన వారి పిల్లలకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నిర్వహిస్తోంది. షిఫ్టుకు వెళ్లాలన్నా, చీరల మూటను మార్కెట్‌కు చేర్చాలన్నా ఇక్కడి శ్రామిక కుటుంబానికి మోటారు సైకిలే ఆధారం. పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరిన తరువాత మైలేజీ పడిపోయిందన్న ఫిర్యాదు దేశమంతటా వినిపిస్తోంది. ఆ లోటును పూడ్చేస్తామని చెప్పుకొనే సంకలితాల సీసాలు విడిభాగాల దుకాణాల్లో విరివిగా దొరుకుతున్నాయి. వీటిపై వెచ్చించే సొమ్ము తిరిగి వస్తుందా అన్నది ఇంటి బడ్జెట్‌కు సంబంధించిన ప్రశ్న.

ముందుగా లెక్క చూద్దాం. పది లీటర్ల ట్యాంకు నింపడానికి, లీటరు 95 రూపాయల చొప్పున, 950 రూపాయలు అవుతుంది. ఒక ట్యాంకుకు సరిపడే సీసా ధర 200 రూపాయలు అనుకుంటే, ఆ ఖర్చు రాబట్టుకోవడానికే మైలేజీ 21 శాతం పెరగాలి. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి 60 దాటి ఇవ్వాలన్నమాట. మూడు ట్యాంకులకు ఒక్క సీసా వాడినా కనీసం 7 శాతం పెరుగుదల అవసరం. సక్రమంగా పనిచేస్తున్న ఇంజిన్‌లో అంత మార్పును ఆశించడానికి ఆధారం లేదు. ఇంధనం ఆదా చేస్తాయని ప్రచారం పొందిన పరికరాలు, సంకలితాలను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దశాబ్దాలుగా వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగినంతగా పెంచినది ఒక్కటీ కనబడలేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వినియోగదారులను హెచ్చరించింది.

ఇథనాల్ లోటు సీసాతో తీరదు

మైలేజీ తగ్గుదల అపోహ కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తి కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాలు 20 శాతం మిశ్రమంపై నడిచినప్పుడు ఇంధన సామర్థ్యం 3 నుంచి 4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన మార్గసూచి అంచనా వేసింది. అంటే 50 కిలోమీటర్లు ఇచ్చే బండి 48 ఇస్తుంది. పది లీటర్ల ఇంధనంలో 50 మిల్లీలీటర్ల సంకలితం కలిపితే అది మొత్తంలో అర శాతమే. ఆ అర శాతం ద్రవం, ట్యాంకులో లేని శక్తిని ఎక్కడి నుంచీ తేలేదు.

తగ్గుదల ఇంతకు మించి ఉంటే కారణాన్ని ఇంధనంలో కాక బండిలో వెతకాలి. గాలి తగ్గిన టైరు, బిగుసుకున్న బ్రేకు, వదులైన చైను, అరిగిన స్పార్క్ ప్లగ్ సాధారణ దోషులు. మగ్గాల షెడ్ల పక్కన నిలిపే బండికి మరొకటి తోడవుతుంది. నూలు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో పేరుకుంటే ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. సీసాకు పెట్టే డబ్బుతో ఫిల్టర్ మార్చుకోవడం మేలు.

ఏది పనిచేస్తుంది?

సంకలితాలన్నింటినీ ఒకే గాటన కట్టడం మాత్రం న్యాయం కాదు. సీసాల్లో దొరికే వాటిలో రసాయన శాస్త్రం గట్టిగా సమర్థించేది శుభ్రకారి రకం. పాలీఈథర్ అమీన్ అనే పదార్థం ఇంజెక్టర్ మొన, ఇన్‌టేక్ వాల్వు, దహన గదిలో పేరుకున్న జిగురును, మసిని కరిగించగలదు. శుభ్రకారుల ప్రాధాన్యాన్ని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో కారు ఇంజిన్‌పై జరిపించిన పరీక్ష చూపింది. శుభ్రకారులు తక్కువగా ఉన్న పెట్రోళ్లు, ఉన్నత ప్రమాణం పాటించిన వాటి కన్నా వాల్వులపై సగటున 19 రెట్లు ఎక్కువ మసి మిగిల్చాయి. అయితే ఈ పదార్థాలు బంకుల్లో ప్రీమియం పేరిట అమ్మే పెట్రోలులో ముందే కలిసి ఉంటాయి. పాతబడి, స్టార్టింగ్‌లో మొరాయిస్తూ, నిలకడగా తిరగని బండికి శుభ్రకారి సీసా ఒకసారి వాడి చూడటంలో తప్పు లేదు. మార్పు కనబడకపోతే రెండో సీసా అనవసరం. కార్బురేటర్ జెట్ పూర్తిగా పూడుకుపోతే సంకలితం దాని గుండా పారనే పారదు. విప్పి కడగాల్సిందే.

ఆక్టేన్ పెంచే సీసాల సంగతి వేరు. ఆక్టేన్ అన్నది ఇంధనపు బలం కాదు, పీడనానికి తనంతట తాను మండిపోకుండా నిలిచే గుణం. సుమారు 10:1 సంపీడన నిష్పత్తి గల 100 సీసీ ఇంజిన్‌కు బంకు పెట్రోలే సరిపోతుంది. పైగా 108 వరకు ఆక్టేన్ గల ఇథనాల్ ఇప్పటికే అందులో కలిసి ఉంది. ఈ సీసాల్లో కొన్నింటిలో ఉండే మాంగనీసు సమ్మేళనం స్పార్క్ ప్లగ్‌పై ఎర్రటి పొర పేర్చి, క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ చేటు తెస్తుంది. నిజంగా పనిచేసిన సంకలితం మేలే చేస్తుందన్న హామీ లేదనడానికి సీసమే సాక్ష్యం. 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో టెట్రాఇథైల్ లెడ్ ప్రభావం కనుగొన్నారు. అది ఇంజిన్‌లో తట్టుడును అద్భుతంగా అణచింది, గాలిని మాత్రం విషపూరితం చేసింది. భారత్ 2000 ఫిబ్రవరిలో దానికి స్వస్తి చెప్పింది. రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా 2021లో ఆపేసింది.

వాన, సెలవులు, నీరు

సూరత్ వంటి తీర నగరంలో ఇంతకన్నా ఆచరణాత్మకమైన బెడద నీరు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పరిమితి దాటితే నీరు, ఇథనాల్ కలసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు మొదట అందేది ఆ అడుగు పొరే. తేమను తొలగిస్తామనే సంకలితాల్లో ఎక్కువగా ఉండేది మరో ఆల్కహాలే. కొద్దిపాటి చెమ్మకు పనికొచ్చినా, ట్యాంకులోకి వాననీరు దిగితే అది చాలదు. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించడం తప్ప మార్గం లేదు. ట్యాంకు మూత రబ్బరు, మూత చుట్టూ చేరిన నీటిని బయటకు పంపే సన్నని గొట్టం వర్షాకాలానికి ముందే చూపించుకోవాలి.

దీపావళికి మగ్గాలు ఆగినప్పుడు బండిని ఇక్కడే ఉంచి స్వగ్రామానికి వెళ్లేవారికి మాత్రం స్టెబిలైజర్ రకం సంకలితం కొంత ఉపయోగపడవచ్చు. రెండు, మూడు వారాల విరామానికి దాని అవసరం రాదు. నెలల తరబడి నిలిపేటప్పుడే ఆలోచించాలి. అదీ తాజా పెట్రోలులో ముందుగా కలిపి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపితేనే ఫలితం. చెడిపోయిన పెట్రోలును అది బాగుచేయదు. ఇనుప ట్యాంకును నిండుగా నింపితే లోపల తేమ చేరేందుకు చోటు తగ్గుతుంది. కార్బురేటర్ బండికి ట్యాప్ మూసి, కింది మరను వదులు చేసి గిన్నెలో మిగిలిన పెట్రోలును తీసేస్తే సరిపోతుంది. దానికి ఖర్చు లేదు.