అంబ్రెల్లా ఇన్సూరెన్స్ అంటే ఏంటి? అమెరికాలో కారు, ఇల్లు ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క ఇదీ!

అమెరికాలో కారు ఇన్సూరెన్స్ కడుతున్నాం కదా, యాక్సిడెంట్ అయితే కంపెనీయే చూసుకుంటుంది.. ఇండియా నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది అనుకునేది ఇదే. దానికి కారణం లేకపోలేదు. మన దగ్గర థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, మన బండి తగిలి ఎవరైనా చనిపోయినా, గాయపడినా కంపెనీ ఇచ్చే పరిహారానికి పరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంత చెప్తే అంత. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికే లిమిట్, కారుకైతే రూ. 7.5 లక్షలు.

అక్కడ అలా కాదు. పాలసీలో ఎంత రాసి ఉంటే అంతవరకే కంపెనీ బాధ్యత. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీస కవరేజ్ ఒక మనిషి గాయానికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60 వేలు. కాలిఫోర్నియాలో అయితే 2024 చివరి వరకు ఇందులో సగమే ఉండేది. అమెరికా ఆసుపత్రి బిల్లు చూసినవాళ్లకి ఇది ఏ మూలకీ రాదని తెలుసు. కోర్టు తీర్పు లిమిట్ దాటితే మిగతాది మన సేవింగ్స్ నుంచి, చాలా రాష్ట్రాల్లో జీతం నుంచి కూడా వసూలు చేస్తారు.

ఇక్కడే అంబ్రెల్లా పాలసీ పనికొస్తుంది. కారు, ఇంటి పాలసీల లిమిట్ అయిపోయాక దీని డబ్బు మొదలవుతుంది. సాధారణంగా 10 లక్షల డాలర్ల నుంచి అమ్ముతారు. ప్రీమియం ఏడాదికి కొన్ని వందల డాలర్లే. కింది పాలసీలే ముందు కడతాయి కాబట్టి ఇంత చౌక.

కానీ ఒక మెలిక ఉంది. కింది పాలసీల్లో ఇంత లిమిట్ ఉండాల్సిందేనని కంపెనీ షరతు పెడుతుంది. కారుకు మనిషికి 2.5 లక్షల డాలర్లు, ప్రమాదానికి 5 లక్షలు, ఇంటికి 3 లక్షలు అడగడం మామూలే. ఒక ఉదాహరణ చూద్దాం. మీ కారు ఒకరికి తగిలింది, కోర్టు 9 లక్షల డాలర్లు కట్టమంది. కారు పాలసీ 2.5 లక్షలు, అంబ్రెల్లా 6.5 లక్షలు ఇస్తాయి. మీ జేబు సేఫ్. అదే ప్రీమియం తగ్గుతుందని మధ్యలో కారు లిమిట్‌ను 30 వేలకు దించేశారనుకోండి. అంబ్రెల్లా ఇచ్చేది అప్పుడూ 6.5 లక్షలే. మధ్యలో మిగిలిన 2.2 లక్షల డాలర్లు మీరే కట్టుకోవాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కారు ప్రమాదాలకే కాదు, మీ కుక్క పక్కింటి పిల్లాడిని కరిచినా, స్విమ్మింగ్ పూల్‌లో అతిథికి ఏమైనా అయినా ఇది అక్కరకొస్తుంది. పరువు నష్టం దావాలను కూడా చాలా పాలసీలు కవర్ చేస్తాయి. కవరయ్యే కేసుల్లో లాయర్ ఖర్చు ఎక్కువగా లిమిట్‌కు అదనంగానే ఇస్తారు.

మీ సొంత కారు రిపేరు, మీ సొంత గాయాలు దీనికిందకి రావు. కావాలని చేసిన పని, వృత్తిలో పొరపాటు, వ్యాపారం కూడా అంతే. ఫుడ్ డెలివరీ చేస్తూ గుద్దితే వ్యాపారమే అంటారు! ఇన్సూరెన్స్ లేనివాడు వచ్చి మిమ్మల్ని గుద్దితే, విడిగా ఆ కవరేజ్ జోడించుకుంటే తప్ప ఇది పనికిరాదు.

మనవాళ్లు రెండో ఇల్లు కొని అద్దెకివ్వడం ఎక్కువ. ఆ ఇంటిని అంబ్రెల్లా కంపెనీకి చెప్పి చేర్పించాలి. ఎల్ఎల్‌సీ పేరు మీద ఉంటే పర్సనల్ పాలసీ మామూలుగా వర్తించదు, కమర్షియల్ పాలసీ చూసుకోవాలి. ఇంట్లో పిల్లలకు కొత్తగా లైసెన్స్ వచ్చినా కారు కంపెనీతో పాటు అంబ్రెల్లా కంపెనీకీ చెప్పాలి. ఈ రెండూ వేర్వేరు కంపెనీలైతే, ఒకరికి చెప్పింది రెండోవాళ్లకు దానంతటదే చేరదు.