అమ్మ చీటీల పుస్తకం

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది, నిజాం గ్యారెంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో పెట్టింది. మా చిన్నప్పుడు దాని సైరన్‌ని బట్టే క్వార్టర్లలో పొయ్యిలు వెలిగేవి. జీతాలు అందిన మర్నాడు సాయంత్రం అమ్మ వరండాలో చాప పరిచి చీటీ పాట పెట్టేది.

ఇరవై మంది, నెలకు యాభై, వెయ్యి రూపాయల చీటీ. అవసరం ముంచుకొచ్చినవాళ్లు తగ్గించి పాడేవాళ్లు. ఎనిమిది వందల దగ్గర పాట ఆగితే మిగిలిన రెండు వందలు ఇరవై మందికీ పంచేవాళ్లు, ఆ నెల తలా నలభై కడితే చాలు. మొదటి నెల చీటీ పాట లేకుండా అమ్మకే, అదే ఆవిడ కష్టానికి ప్రతిఫలం. రిజిస్ట్రేషన్ మాటే లేదు. 1971లోనే రాష్ట్రంలో చిట్ ఫండ్స్ చట్టం వచ్చిందని ఆవిడకు తెలియదు. ఉన్నదల్లా ఎర్ర అట్ట పుస్తకం ఒకటి.

1979లో ఒక ఫిట్టర్ భార్య ఏడో నెల చీటీ పాడుకుంది. పదకొండో నెలలో ఆయన కాలు విరిగి మంచాన పడ్డాడు. డబ్బు తీసుకున్నాక వాయిదా ఆపడం ఒప్పందం తప్పడమే. అమ్మ అందరినీ కూర్చోబెట్టి, ‘వదినా, మూడు నెలలు ఆగుదామా?’ అని ఒక్కొక్కరినీ అడిగింది. ఆ పేజీలో నీలం పెన్సిల్‌తో ‘మూడు నెలలు గడువు’ అని రాసి, కింద అందరి చేత సంతకాలో వేలిముద్రలో పెట్టించింది.

ఉస్మానియాలో లా చదివేటప్పుడు కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ దగ్గర ఆ పేజీ నా కళ్లముందు నిలిచింది. మాట పుచ్చుకున్నవాళ్లు దాన్ని వదులుకోవచ్చు, గడువు పెంచవచ్చు అంటుంది అది. 1872 నాటి ఆ చట్టం నిజాం రాజ్యం పోయాక, 1951లోగాని మన హైదరాబాదుకు రాలేదు.

తర్వాతి కాలంలో టీ-చిట్స్ పేరుతో మన రాష్ట్రంలో రిజిస్టర్డ్ చిట్ల లెక్కలు బ్లాక్‌చైన్ ఎక్కాయి. అలాంటి వ్యవస్థలో షరతు నెరవేరగానే దానంతటదే అమలయ్యే ప్రోగ్రామూ పెట్టవచ్చు, దాన్ని స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. 1990ల్లో దాని గురించి రాసిన నిక్ సాబో, నాణెం వేస్తే సరుకిచ్చే యంత్రాన్ని ఉదాహరణగా చూపాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో బరువు చూసే యంత్రం ఎక్కినవాళ్లకు అది కొత్త కాదు. స్మార్ట్ కాంట్రాక్టుకు పాత కాంట్రాక్టు చట్టం వర్తిస్తుందా అని నా దగ్గర చదివే విద్యార్థులు అడుగుతుంటారు. వర్తిస్తుందనే నేను నమ్ముతాను. ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసుకున్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. 2020లో సింగపూర్ అప్పీలు కోర్టు ముందుకు ప్రోగ్రాములే కుదుర్చుకున్న క్రిప్టో బేరాలు వచ్చాయి. ధర మార్కెట్‌కు దాదాపు 250 రెట్లు. అప్పుడూ జడ్జీలు కాంట్రాక్టు చట్టమే తీశారు. ప్రోగ్రాము రాసినవాడికి ఏం తెలుసని చూశారు.

చట్టం వర్తిస్తుందని ఊరుకోలేను. మూడు నెలలు ఆగమని ఎవరు, ఎలా చెప్పాలో ముందే రాసిపెట్టకపోతే కోడ్ పదకొండో నెల కూడా వసూలుకే దిగుతుంది. కోర్టులో గెలిచేసరికి ఆ ఇంటి పొయ్యి ఆరిపోయి ఉంటుంది. కోడ్ రాసేవాళ్లు 63వ సెక్షన్‌ను పక్కన పెట్టుకుని రాయాలి.

ఎర్ర అట్ట పుస్తకం నా దగ్గరే ఉంది. పద్నాలుగో నెల వరుసలో ఫిట్టర్ భార్య వేలిముద్ర, పక్కన అమ్మ చేతిరాత: ‘రెండు వాయిదాలు జమ.’