పెడల్‌కు పట్టూ విడుపూ

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ తగులుతుంది. బస్సులో వెళ్లేవాళ్లకు అది నాలుగు మలుపులు, ఆపైన పాలకోవా. సైకిల్ తొక్కేవాళ్లకు మాత్రం ప్రతి మలుపూ పరీక్షే. లేచి నిలబడి తొక్కేటప్పుడు కాలు జారితే పెడల్ వచ్చి పిక్కకు తగులుతుంది. ఆ జారుడును ఆపాలన్న ప్రయత్నానికి వందేళ్లు దాటాయి.

19వ శతాబ్దం చివరికే పందెపు సైకిళ్లకు టో క్లిప్పులు వచ్చాయి. బూటు ముందుభాగాన్ని పట్టి ఉంచే ఉక్కు చట్రం, దాని చుట్టూ తోలు పట్టీ. పట్టు గట్టిగానే దొరికింది. దిగాలంటే మాత్రం వంగి చేత్తో పట్టీ వదులు చేసుకోవాలి. ఆ క్షణం తప్పిందా, సైకిల్‌తో సహా నేల మీదే. 1980ల నడిమి దాకా టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం విజేతలు కూడా ఈ పట్టీలతోనే నెగ్గుకొచ్చారు.

అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ హాన్సన్ 1895లోనే పాదం తిప్పితే విడిపోయే పెడల్ చేశాడు. అది వాడుకలో నిలవలేదు. 1970ల మొదట్లో ఇటలీ కంపెనీ చినెల్లి పట్టీని తీసేసి, బూటు అడుగున బిగించే క్లీట్‌ను నేరుగా పెడల్‌లోకి దూర్చింది. అయినా విడిపించాలంటే చేత్తో మీట లాగాల్సిందే. చిక్కు అక్కడే ఉండిపోయింది.

చివరికి దారి చూపింది మంచుకొండల ఆట. ఫ్రాన్స్‌లోని లుక్ కంపెనీ స్కీయింగ్ బూట్లను పట్టి ఉంచే బిగింపులు తయారుచేసేది. మనిషి పడితే కాలు విరగకుండా బూటు దానంతటదే ఊడిరావాలి. అదే కిటుకును ఆ కంపెనీ 1984లో పెడల్‌కు తెచ్చింది. పాదం నొక్కితే టక్కున పట్టుకుంటుంది, మడమ బయటికి తిప్పితే వదిలేస్తుంది. మరుసటి ఏడు బెర్నార్డ్ హినాల్ట్ ఆ పెడళ్లతోనే ఐదోసారి టూర్ గెలిచాడు. పందేల్లో తోలు పట్టీల కాలం తీరిపోయింది. 1990లో జపాన్ కంపెనీ షిమానో ఎస్పీడీ పెడల్ తెచ్చింది. దీని చిన్న క్లీట్ బూటు అడుగున గుంటలో ఒదిగిపోతుంది కాబట్టి దిగి మామూలుగా నడవొచ్చు.

మన దారులకు ఈ రకమే నయం. అయితే నంద్యాల, కోవెలకుంట్ల, ప్రొద్దుటూరు వైపు వాన పడ్డాక దిగారంటే నల్లరేగడి ఆ గుంటను నింపేస్తుంది. అప్పుడు క్లీట్ పెడల్‌కు పట్టదు, పట్టినా సులువుగా వదలదు. మళ్లీ ఎక్కేముందు పుల్లతో ఆ బంకమట్టిని గీకేయాలి.

నేర్చుకునేవాళ్లు క్లీట్ బిగించేటప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే కణుపు పెడల్ ఇరుసు మీదికి వచ్చేలా చూసుకోవాలి. క్లీట్‌ను పట్టి ఉంచే పెడల్ స్ప్రింగు బిగువు పూర్తిగా తగ్గించాలి. గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చుని, ఒక్కో పాదాన్నీ తగిలిస్తూ, విడిపిస్తూ సాధన చేయాలి. ఆ తర్వాతే ఖాళీ మైదానంలోకి. ఆగాక కాదు, ఆగబోయే ముందే మడమ తిప్పాలి. ఏ కాలు విడిపిస్తే ఆ వైపుకే ఒరగాలి.

కర్నూలు బజారులో అడుగడుక్కీ ఆగేవాళ్లకు మామూలు పెడలే మేలు. కర్నూలు నుంచి కడప దాకా దూరప్రయాణం కట్టేవాళ్లకే ఈ క్లీట్ పెడల్ అక్కరకొస్తుంది. వాళ్లకు చెప్పేది ఒక్కటే: పాదం విడిపించుకోవడం ఆలోచించకుండా వచ్చేదాకా ఘాట్ ఎక్కకండి.