కాలిన గాయాలలో శిలీంధ్ర సంక్రమణ: చికిత్సా చరిత్రపై ఒక పరిశీలన

తీవ్రంగా కాలిన రోగి తొలి రోజుల ద్రవనష్టాన్ని తట్టుకొని కూడా, గాయంలో చేరిన బాక్టీరియా వల్ల మరణించడం 1960ల నాటికి వైద్యులకు నిత్యానుభవం. మాడిన చర్మానికి రక్తప్రసరణ ఉండదు. సిరలోకి ఎక్కించిన యాంటీబయాటిక్ అక్కడికి చేరదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో ఉన్న బ్రూక్ సైనిక వైద్యశాల పరిశోధకులు 1964 ప్రాంతంలో మాఫెనైడ్ అనే సల్ఫా మందును నేరుగా గాయంపై పూయసాగారు. మాడిన పొరలోకి ఇంకే గుణం గల ఈ లేపనంతో సూడోమొనాస్ మరణాలు గణనీయంగా తగ్గాయి.

అయితే బాక్టీరియా ఖాళీ చేసిన చోటును శిలీంధ్రాలు ఆక్రమించాయి. మాఫెనైడ్ వాడుకలోకి వచ్చిన తరువాత శిలీంధ్ర సంక్రమణలు బాగా పెరిగాయని 1971లో అదే కేంద్రం వైద్యులు ప్రకటించారు. విజయమే కొత్త శత్రువుకు దారి తీసిందన్నమాట. కాండిడా చాలావరకు పైపైనే ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ వర్గపు బూజులు రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసివేస్తాయి. దానితో సజీవ కణజాలం కూడా చచ్చిపోతుంది. 2021లో కోవిడ్ రోగుల విషయంలో పత్రికలు 'బ్లాక్ ఫంగస్' అని రాసిన వ్యాధికి కారణం ఈ మ్యూకర్ వర్గమే.

గాయం ఉపరితలం నుంచి తీసిన నమూనాలో బూజు పెరిగితే అది అక్కడ ఉన్నదని మాత్రమే తెలుస్తుంది. లోపలికి చొచ్చుకుపోయిందో లేదో తెలియదు. అందుకే బ్రూక్ వైద్యులు సజీవ కణజాలం కూడా కలిసివచ్చేలా చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించడాన్నే ప్రమాణంగా నిలబెట్టారు. ఈ చరిత్రలో ఏ కొత్త మందుకన్నా ఇదే పెద్ద మలుపు అనవచ్చు.

మందులు లేకపోలేదు. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ కనుగొన్న నిస్టాటిన్ శరీరంలోకి ఇంకదు కనుక పైపూతకే పరిమితం. వెనిజులా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1950ల మధ్యలో లభించిన ఆంఫోటెరిసిన్-బి శక్తిమంతమైనదే కాని మూత్రపిండాలకు హానికరం. కాలిన రోగికి అవి ముందే దెబ్బతిని ఉండవచ్చు. పైగా నాళాలు మూసుకుపోయిన కణజాలానికి ఏ మందూ సరిగా అందదు. కనుక కత్తే ప్రధాన సాధనమైంది: సోకిన భాగాన్ని సజీవ కణజాలం కనిపించేవరకు తొలగించడం, కొన్నిసార్లు అవయవాన్నే తీసివేయడం.

నాటి యుగోస్లావియాలోని మారిబోర్‌లో జోరా యాంజెకోవిచ్ మాడిన చర్మాన్ని తొలి రోజుల్లోనే పలుచటి పొరలుగా చెక్కి, వెంటనే కొత్త చర్మం అతికే పద్ధతిని రూపొందించి 1970లో ప్రచురించారు. ఆమె ఉద్దేశించింది శిలీంధ్రాలను కాదు. కాని తొలిదశ శస్త్రచికిత్స వ్యాపించిన కొద్దీ బూజు పట్టేందుకు మృత చర్మమే మిగలకుండా పోయింది. 2002లో అమెరికాలో అనుమతి పొందిన వొరికొనజోల్ ఆస్పర్‌జిల్లస్ చికిత్సను మార్చివేసినా, మ్యూకర్ వర్గంపై అది పనిచేయదు. అక్కడ నేటికీ ఆంఫోటెరిసిన్, శస్త్రచికిత్స కలిసే నడుస్తున్నాయి.