ఊరితో ఊరు ఆడిన చదరంగం

ఎదురెదురుగా కూర్చోకుండా జట్లుగా చదరంగం ఆడటం అంతర్జాలంతో పుట్టిన అలవాటు కాదు. ఎడింబరో, లండన్ క్లబ్బులు 1824లో ఉత్తరాల ద్వారా మొదలుపెట్టిన పోటీ 1828లో ఎడింబరో గెలుపుతో ముగియగా, ఆ ఏడే మద్రాసు, హైదరాబాదు నగరాల ఆటగాళ్లు అదే పద్ధతిలో రెండు ఆటల పోటీకి దిగి 1829 దాకా సాగించారు. మద్రాసు పక్షానికి సారథ్యం వహించిన గులాం ఖాసిం, మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ కాక్రేన్ కలిసి ఆ ఆటలను వ్యాఖ్యలతో సహా 1829లో మద్రాసులో అచ్చువేయించారు. ముజియో గాంబిట్ అనే ఆరంభం మీద, అంటే దాడి వేగం కోసం తెల్లపక్షం తన గుర్రాన్నే వదులుకునే సాహసం మీద, చేసిన విశ్లేషణ కూడా అదే పుస్తకంలో ఉంది. ఖాసింను ఆటకు ప్రధాన నిర్వాహకుడని ఆ పుస్తకం పేర్కొనడాన్ని బట్టి, మద్రాసు ఎత్తుల వెనుక ఒక్కరి బుర్ర కాక పలువురి ఆలోచన ఉందని భావించవచ్చు. ఆనాడు జట్టు అంటే ఒకే పటం చుట్టూ చేరి సంప్రదించుకునే మనుషులు.

నేటి ఆన్‌లైన్ క్లబ్బులో ఆ సంప్రదింపే నేరం. ఒక క్లబ్బు నిర్వాహకుడు మరో క్లబ్బుకు సవాలు పంపుతాడు. ఎత్తుకు ఒక రోజా, మూడు రోజులా అనే గడువును, కనీసం ఎందరు ఆడాలనే సంఖ్యను, అవసరమైతే రేటింగు పరిమితిని అందులోనే పేర్కొంటాడు. రేటింగు అంటే గత ఫలితాలను బట్టి ఆటగాడి బలాన్ని సూచించే అంకె. పేర్లు ఇచ్చినవారిని ఆ అంకెల వరుసలో నిలిపి, ఇటు మొదటివానికి అటు మొదటివానిని జతచేస్తారు. చెస్.కామ్ వంటి వేదికల మీద ప్రతి జతా ఒకేసారి రెండు ఆటలు, ఒకటి తెల్లపావులతోనూ ఒకటి నల్లపావులతోనూ, ఆడుతుంది. గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర. ఇరవై బోర్డుల పోటీలో నలభై పాయింట్లుంటాయి గనుక ఇరవైన్నర తెచ్చుకున్న జట్టుదే విజయం. రోజుల గడువు ఆటలలో ఆరంభాల పుస్తకాలు చూడవచ్చు గాని కంప్యూటరు చేత ఎత్తులు లెక్కించుకోవడం నిషిద్ధం. గడువు దాటితే, గెలిచే స్థితిలో ఉన్నవాడైనా ఆ పాయింటును పోగొట్టుకుంటాడు. పొలం పనిలో పడి ఎత్తు వేయడం మరచినవాడికీ మినహాయింపు లేదు.

గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి, 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టరై, ఈ తెర మీది జట్టు ఆటకు అత్యున్నత రూపమైన 2020 ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో భారత జట్టు తరఫున ఆడారు. గుంటూరు వారైన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక కూడా ఆ జట్టులోనే ఉన్నారు. అక్కడ జట్టుకు ఆరు బోర్డులు: రెండు ఎవరికైనా, రెండు మహిళలకు, ఒక్కొక్కటి ఇరవై ఏళ్లలోపు యువకునికీ యువతికీ. ఆటగాడికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు మరో ఐదు సెకన్లు. సెమీఫైనల్లో పోలండుతో తొలి పోటీ ఓడి, రెండవది గెలిచి సమానంగా నిలిచిన భారతానికి ఫైనల్ దారి తెరిచింది మోనికా సోచ్కో మీద హంపి గెలిచిన నిర్ణాయక ఆటే.

ఆగస్టు 30న రష్యాతో జరిగిన ఫైనల్లో తొలి పోటీ 3–3తో ముగిసింది. రెండవ పోటీలో విస్తృతమైన అంతర్జాల అంతరాయం వల్ల నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల లైను తెగి, వారి గడియారాలు అయిపోయి, మొదట రష్యాయే విజేత అయింది. భారత్ అప్పీలు చేయగా అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) అధ్యక్షుడు ఆర్కాది ద్వోర్కోవిచ్ రెండు దేశాలనూ సంయుక్త విజేతలుగా ప్రకటించాడు. అంతకుముందు క్వార్టర్‌ఫైనల్లో భారత్ మీద ఇలాగే లైను తెగిన అర్మేనియా చేసిన అప్పీలు నెగ్గలేదు, ఆ జట్టు రెండవ పోటీ ఆడకుండానే వైదొలగింది. ఫైనల్లో తెగినది ఒక్కరి లైను కాదన్న వాదన సబబే అయినా, లైను తెగినప్పుడు ఏమి చేయాలో పోటీకి ముందే మరింత స్పష్టంగా రాసి ఉంచవలసింది. భారత్‌కు ఎదురెదురుగా ఆడే ఒలింపియాడ్ స్వర్ణం 2024లో బుడాపెస్టులో దక్కింది. అప్పటి ఓపెన్, మహిళల జట్లలో హరికృష్ణ, హారికలతో పాటు వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి ఉన్నాడు.